మన వైద్యశాలకు దాతలను వెతికిన కథ

(డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘ భవనంలో జరిగిన సభలో, ధర్మ వైద్యశాల కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



అధ్యక్షుల వారు నాకు 20 నిమిషాలు ఇచ్చారు. ట్రెజరీలో 37 ఏళ్ళు పనిచేసినవాణ్ణి. ఇచ్చిన కేటాయింపు దాటి ఖర్చు పెట్టకూడదని నాకు తెలుసు. అయినా మాటల్లో ఒక పది శాతం ఎక్కువైతే పెద్దలు మన్నించాలి.

ఈ రోజు ఎందుకు జరుపుకుంటున్నామో ఇక్కడున్న పెద్దవాళ్ళకు చెప్పక్కర్లేదు. పిల్లల కోసం చెబుతున్నాను. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చింది. పింఛను అనేది యజమాని దయతలచి పారేసే బిచ్చం కాదు, అది ఉద్యోగి హక్కు అని ఆ తీర్పు సారాంశం. అప్పట్నుంచీ మనం ఎక్కడికి వెళ్ళినా హక్కు అనే మాటతోనే వెళ్ళాం. డి.ఎ. బకాయిలు అడిగినా, మెడికల్ రీయింబర్స్‌మెంటు అడిగినా తల ఎత్తే అడిగాం. అందుచేత చెయ్యి చాచి అడగడం మనకు చేతకాదు. మన వైద్యశాల కోసం ఆ విద్య నేను 65 ఏళ్ళు దాటాక నేర్చుకోవలసి వచ్చింది. సరిగా నేర్చుకోక ముందు చేసిన తప్పుల్లో ఒకటి ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు. అది కూడా ఈ రోజు మీ ముందు చెప్పేస్తాను.

వైద్యశాల సంగతి కొత్త సభ్యులకు క్లుప్తంగా చెబుతాను. 2011లో ఈ భవనం వెనక గదిలో మొదలుపెట్టాం. రిటైరైన ప్రభుత్వ డాక్టరు గారు బుధవారం, ఆదివారం వచ్చి చూస్తారు. ఫీజు పుచ్చుకోరు, ఆటో ఖర్చు మాత్రం ఇస్తాం. వచ్చేవాళ్ళు మన పెన్షనర్లు కాదు. మనకు ఏదో ఒక వైద్య సదుపాయం ఉంది. వచ్చేది చుట్టుపక్కల పేటల్లో ఉండే ముసలివాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, రిక్షా తొక్కి మోకాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు. పెద్ద జబ్బు చేస్తే ఆరోగ్యశ్రీ కార్డు ఉంది, ఆపరేషను జరుగుతుంది. బి.పి., షుగరు అలా కాదు. అవి రోజూ బిళ్ళ వేసుకోవలసిన జబ్బులు. బిళ్ళ మానేసినా ఆ రోజు ఏమీ కాదు, మర్నాడూ ఏమీ కాదు. అందుకే పేదవాడు ముందుగా మానేసేది దాన్నే. ప్రస్తుతం మన దగ్గర 160 మంది పేర్లున్నాయి.

ఖర్చు నెలకు 25 వేలు. మందులకు 11 వేలు, నర్సమ్మ జీతం 9 వేలు, షుగరు చూసే స్ట్రిప్పులకు 3 వేలు, ఆటో, కరెంటు, చిల్లర మల్లర అంతా కలిపి 2 వేలు. ఏడాదికి 3 లక్షలు. మందులు జన ఔషధి దుకాణంలో కొంటున్నాం కాబట్టి 11 వేలతో సరిపోతోంది. పేరున్న కంపెనీల బిళ్ళలు కొంటే ఈ లెక్క రెండింతలు దాటేది.

మొదటి అయిదేళ్ళూ సభ్యుల చందాలతోనే నడిపాం. నెలకు మనిషికి 100 రూపాయలు. అప్పట్లో వచ్చే రోగులు 40 మంది. మనుషులు పెరిగారు, చందాలు పెరగలేదు. 2013లో సంఘంతో సంబంధం లేకుండా, 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద వేరే సొసైటీ నమోదు చేయించాం. ఎందుకు వేరే అని అప్పట్లో చాలామంది నా మీద గుర్రుమన్నారు. సంఘం ఉన్నది సభ్యుల మేలు కోసం. వైద్యశాల ఉన్నది బయటివాళ్ళ కోసం. ఈ రెండూ ఒకే పుస్తకంలో ఉంటే ఆదాయపు పన్ను వారు ధర్మసంస్థగా ఒప్పుకోరు. వారు ఒప్పుకోకపోతే బయటి దాత ఎవడూ ఇవ్వడు.

2016లో మన ప్రాంతంలో ఉన్న ఒక కంపెనీ ఏడాదికి 2 లక్షలు ఇవ్వడానికి ముందుకు వచ్చింది. పేరు చెప్పను, అనవసరం. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షను ఉంది. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవరు 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ గడచిన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజ సేవకు ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాన్నే సి.ఎస్.ఆర్. అంటున్నారు. ఆ డబ్బు వచ్చింది. నేను పొంగిపోయాను. ఊళ్ళో చిన్న చిన్న దాతల దగ్గరకు వెళ్ళడం మానేశాను. బియ్యం మిల్లు ఆయన ఇచ్చే 5 వేలకు రెండుసార్లు తిరగడం ఎందుకు, ఒక్క చెక్కుతో పని అయిపోతోంది కదా అనుకున్నాను. అప్పటి మా ఖర్చు 2 లక్షల 70 వేలు. అందులో 2 లక్షలు ఒక్క చేతిలోంచే వస్తోంది. నూటికి 74 వంతులు. ఇంకొకడి ఆఫీసు లెక్కల్లో ఈ పరిస్థితి చూస్తే నేనే ఎర్ర సిరాతో ఆబ్జెక్షను రాసి తిప్పి పంపేవాణ్ణి.

2019 ఏప్రిల్‌లో చెక్కు రాలేదు. మేలో రాలేదు. జూన్‌లో వెళితే పాత మేనేజరు గారికి బదిలీ అయింది. కొత్తాయన మర్యాదగానే మాట్లాడారు. ఇకనుంచి తమ కంపెనీ చదువుల మీద దృష్టి పెడుతోందని, వైద్యం తమ జాబితాలో లేదని చెప్పారు. ఆయన్ను తప్పు పట్టను. డబ్బు వారిది. మూడేళ్ళకే అని వారు మొదటి కాగితంలోనే రాశారు. నేను చదివాను, చదివి ఫైల్లో పెట్టాను.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఆ సంగతి నేను మీకు చెప్పలేదు. జూన్ సమావేశంలోనూ చెప్పలేదు, జులైలోనూ చెప్పలేదు. ట్రెజరీలో పనిచేసినవాడి దగ్గర డబ్బు అయిపోయిందంటే నలుగురూ నవ్వుతారని అహం. ఎలాగోలా ఇంకో కంపెనీని పట్టుకొస్తాను, తెచ్చాకే చెబుదామనుకున్నాను. దొరకలేదు. జులై నుంచి అక్టోబరు దాకా నాలుగు నెలలు నెలకు సరిపడా ఇచ్చే బిళ్ళలు పది రోజులకే ఇచ్చాం. మిగతావి బయట కొనుక్కోమన్నాం. కొంతమంది కొనుక్కున్నారు.

బస్టాండు దగ్గర ఇడ్లీలు అమ్మే ఒక పెద్దావిడ మన దగ్గరకు వచ్చేది. ఆగస్టులో నన్ను రోడ్డు మీద చూసి, "బాబుగారండీ, బిళ్ళ సగం ఇరిచి రోజు మార్చి రోజు ఏసుకుంటన్నానండి, మీరిచ్చినయ్యి నెలంతా సరిపెడతన్నానండి" అంది. సంతోషంగానే చెప్పింది, నేను మెచ్చుకుంటాననుకుంది. అలా చెయ్యకూడదమ్మా అని చెప్పి వచ్చేశాను. జేబులో డబ్బులున్నాయి. తోచలేదు. సెప్టెంబరులో ఆవిడకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. బిళ్ళలు తగ్గడం వల్లే అని డాక్టరు గారు ఎప్పుడూ అనలేదు. వచ్చేదేమో, రాకపోయేదేమో, ఎవరు చెప్పగలరు అన్నారు. నేను మాత్రం ఆ చెప్పలేని మాట పట్టుకుని ఇన్నేళ్ళూ గడిపాను. 2022లో ఆవిడ పోయింది.

ఆ జూన్‌లోనే ఈ హాల్లో నిలబడి చెప్పి ఉంటే నాలుగు నెలల మందుల డబ్బు మీరు ఒక్క సాయంత్రంలో పోగుచేసేవాళ్ళు. అక్టోబరులో చెప్పినప్పుడు చేశారు కూడా. ఆ రోజు 41 వేలు వచ్చాయి.

తరువాత కోవిడ్ వచ్చింది. 2020లో గది మూసేసి, నర్సమ్మ ఫోన్లు చేసి అడుగుతూ, మందులు గుమ్మాల్లో పెట్టి వచ్చింది. ఆ సంగతులు మీకు తెలిసినవే. ఒక్క దాతనే నమ్ముకోకూడదనే విషయం మీద మాత్రం ఒక ఉదాహరణ చెబుతాను. 108 అంబులెన్సు మనందరికీ తెలుసు. 2005 ఆగస్టులో హైదరాబాదులో మొదలైంది. దాని వెనక సత్యం కంప్యూటర్స్ అధినేత ఉన్నారు. 2009 జనవరిలో సత్యం వ్యవహారం బయటపడింది. 108 ఏమైపోతుందోనని అందరూ భయపడ్డారు. అయితే అప్పటికే నడిపే ఖర్చులో అత్యధిక భాగం ప్రభుత్వం భరిస్తోంది. తరువాత జి.వి.కె. సంస్థ ముందుకొచ్చింది. బండ్లు ఆగలేదు. అంత పెద్ద సేవ నిలబడడానికి కారణం భారం రెండు భుజాల మీద ఉండడమే. మనది ఒక్క భుజం మీద ఉంది, అది పక్కకు తప్పుకుంది.

సరే, 2021 నుంచి మళ్ళీ మొదలుపెట్టాం. ముందు కాగితాలు. ఈ భాగం ఆడవాళ్ళకు విసుగనిపిస్తుందని మా ఆవిడ హెచ్చరించింది. కానీ ఇదే విసుగు లేకుండా చేసేవాళ్ళు లేకే చాలా మంచి సంస్థలు మూలపడ్డాయి. మన వంటి గుమాస్తాలు ధర్మసంస్థలకు అక్కరకొచ్చేది ఇక్కడే. 2021 ఏప్రిల్ 1 నుంచి పాత 12-ఎ, 80-జి నమోదులు శాశ్వతం కాదన్నారు. మళ్ళీ దరఖాస్తు పెట్టుకుని అయిదేళ్ళకు తెచ్చుకున్నాం. అదే ఏప్రిల్ నుంచి కంపెనీల డబ్బు పుచ్చుకునే సంస్థలు కంపెనీ వ్యవహారాల శాఖలో సి.ఎస్.ఆర్.-1 అనే ఫారం పెట్టి నంబరు తెచ్చుకోవాలన్నారు. మూడేళ్ళు పనిచేసిన అనుభవం చూపాలి. అది మనకుంది. నీతి ఆయోగ్ వారి దర్పణ్ నంబరు కూడా తీసుకున్నాం. తెచ్చుకున్న అయిదేళ్ళ నమోదు గడువు 2026 మార్చి 31తో తీరుతుంది. ఆరు నెలల ముందే అడగాలి గనుక సెప్టెంబరులోనే దరఖాస్తు పెట్టేశాను. 2025 ఆర్థిక చట్టంలో చిన్న సంస్థలకు 12-ఎబి నమోదు పదేళ్ళకు ఇచ్చే వీలు కల్పించారు, 80-జి మాత్రం అయిదేళ్ళే. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారతాయి. నేను మీకు అలవాటైన పాత నంబర్లతోనే చెబుతున్నాను.

దాతల జాబితా ఏటా మే 31 లోపు 10-బిడి ఫారంలో ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయలు. మొదటి ఏడాది, అంటే 2022లో, నేను తొమ్మిది రోజులు ఆలస్యం చేశాను. 1,800 కట్టాను. నా జేబులోంచే కట్టాను, అది కూడా చెప్పుకోవాలి కదా.

పన్ను సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. 80-జి రసీదు ఇస్తే సగం మినహాయింపు వస్తుందని మనవాళ్ళు సంతోషిస్తున్నారు. మీరు పాత పద్ధతిలో రిటర్ను వేస్తేనే అది వస్తుంది. కొత్త పద్ధతిలో వేసేవారికి రాదు. ఇక్కడున్న వారిలో చాలామంది కొత్త పద్ధతిలోకే వెళ్ళారు. 2,000 దాటి నగదుగా ఇచ్చినా రాదు. ఈ మాట చెబితే విరాళాలు తగ్గుతాయని మా కోశాధికారి భయపడ్డారు. తగ్గితే తగ్గాయి. రేపు రిటర్ను వేసేటప్పుడు తెలిసి నన్ను తిట్టుకోవడం కన్నా నయం.

ఇక విదేశీ డబ్బు. ఇది మీలో ప్రతి ఇంటికీ సంబంధించింది, ఎందుకంటే ప్రతి ఇంట్లో ఒకరు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నారు. 2021లో మన సంఘ సభ్యుడే, నా పక్క సీట్లో 19 ఏళ్ళు పనిచేసిన మిత్రుడు, వాళ్ళబ్బాయి చేత మన వైద్యశాలకు 5 లక్షలు ఇప్పిస్తానన్నాడు. దాదాపు రెండేళ్ళ ఖర్చు. ఎగిరి గంతెయ్యవలసిన మాట. నేను అడిగిన మొదటి ప్రశ్న, "ఒరేయ్, మీవాడి పాస్‌పోర్టు ఏ దేశానిది?"

వాడికి కోపం వచ్చింది. రావడం సహజం. కానీ చట్టం అలా ఉంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 ప్రకారం, విదేశంలో ఉన్నా భారత పాస్‌పోర్టు ఉన్నవాడు తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. గ్రీన్‌కార్డు ఉన్నా ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్న మరుక్షణం, మన కడుపున పుట్టినవాడైనా, ఓ.సి.ఐ. కార్డు ఉన్నా, వాడిచ్చేది విదేశీ విరాళమే. దానికి ఢిల్లీలో హోం శాఖ నమోదు కావాలి, లేదా ముందస్తు అనుమతి కావాలి. 2020 సవరణ తరువాత ఆ డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. అబ్బాయిది అమెరికా పౌరసత్వం.

"అయితే నా ఖాతాలోకి పంపిస్తాడు, నేనిస్తాను" అన్నాడు మిత్రుడు. కొడుకు తండ్రి ఖర్చులకు పంపుకోవచ్చు, అందులో తప్పు లేదు. సంస్థ కోసం పంపిన డబ్బు ఎన్ని చేతులు మారి వచ్చినా చట్టం దృష్టిలో అది విదేశీ విరాళమే. ఆ మాట చెప్పాను. "రూల్సు మాట్లాడుతున్నావు, అక్కడ ముసలివాళ్ళు మందులు లేక చస్తున్నారు" అన్నాడు. ఇడ్లీ అమ్మే ఆవిడ సంగతి వాడికి తెలుసు. తెలిసే అన్నాడు. ఆ రాత్రి నేను చాలాసేపు ఆలోచించాను. పట్టుకుంటారని భయం ఒకటి. అంతకన్నా, సొసైటీ మొత్తం రద్దయితే 160 మందీ రోడ్డున పడతారు. మర్నాడు వద్దని ఉత్తరం రాసి ఇచ్చాను. సంవత్సరం పైగా వాడు నాతో మాట్లాడలేదు. పింఛను రోజున బ్యాంకులో ఎదురుపడితే పక్క కౌంటరుకు వెళ్ళేవాడు.

తరువాత ఒక రోజు తనే వచ్చి, "నా పింఛనులోంచి నెలకు 500 రాసుకో, ఇది ఏ దేశం డబ్బూ కాదు" అన్నాడు. ఈ రోజుకీ ఇస్తున్నాడు. అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు కూర్చుని, మన రోగుల వివరాలు కంప్యూటరులో ఎలా పెట్టాలో నర్సమ్మకు నేర్పి వెళ్ళాడు. ఆ సాయానికి ఏ అనుమతీ అక్కర్లేదు. దాని విలువ ఎంతో ఇప్పుడు చెప్పబోతున్నాను.

అదే రోజుల్లో నేను కంపెనీల చుట్టూ తిరుగుతున్నాను. మొదట్లో రాసిన అర్జీ ఏడు పేజీలు. "పై విషయమునకు సంబంధించి తమ దృష్టికి తెచ్చునదేమనగా" అని మొదలై, జతపరచిన పత్రములు ఒకటి నుంచి పద్నాలుగు వరకు ఉండేవి. ఎవరూ చదివి ఉండరు. ఇప్పుడు ఒక్క పేజీ రాస్తాను. ఎవరికి, ఏమి చేస్తాం, ఎంత అవుతుంది, మీ నుంచి ఎంత అడుగుతున్నాం, మిగతాది ఎవరిస్తున్నారు. చివరిది ముఖ్యం. తక్కినవాళ్ళు కూడా ఇస్తున్నారని తెలిస్తేనే కొత్తవాడికి ధైర్యం.

పెద్ద కంపెనీల వల్ల మనబోటి వాళ్ళకు ఒరిగేది తక్కువని నా అభిప్రాయం. వాళ్ళకు కోట్లలో ప్రాజెక్టులు కావాలి. రోటరీ వారి గ్లోబల్ గ్రాంటు సంగతి ఒకరు చెప్పారు. చాలా మంచిదే, కానీ కనీసం 30 వేల డాలర్ల పథకం కావాలి, రెండు దేశాల క్లబ్బులు కలవాలి. మన మొత్తం అవసరం అందులో ఏడో వంతు కూడా ఉండదు కదా అని అన్నాను. ఆ క్లబ్బు వారు నవ్వి, తమ సొంత డబ్బుతో ఏడాది పొడవునా షుగరు స్ట్రిప్పులు కొనిస్తామన్నారు. నెలకు 3 వేలు. ఇప్పటికీ ఇస్తున్నారు. డబ్బు అడిగి ఉంటే ఆలోచించేవారు, స్ట్రిప్పులు కాబట్టి వెంటనే ఒప్పుకున్నారు.

మనకు సరిపడేవి చిన్న కంపెనీలు. లెక్క చూడండి. 5 కోట్లు లాభం ఉన్న కంపెనీ ఏడాదికి సుమారు 10 లక్షలు ఖర్చు పెట్టాలి. 50 లక్షల లోపు ఖర్చు పెట్టవలసిన కంపెనీకి వేరే కమిటీ కూడా అక్కర్లేదు, డైరెక్టర్లే నిర్ణయించుకోవచ్చు. అంటే మనం మాట్లాడవలసిన మనిషి ఎదుటే కూర్చుని ఉంటాడు. ఆ 10 లక్షలు ఎక్కడ పెట్టాలో తెలియక వాళ్ళూ ఇబ్బంది పడుతూ ఉంటారు. మన జిల్లాలో అలాంటివి ఉన్నాయి. అయితే మార్చిలో వెళ్ళకండి. మార్చిలో వెళితే మిగిలిన చిల్లర ఇస్తారు. డిసెంబరు, జనవరిలో వెళితే వచ్చే ఏడాది ప్రణాళికలో పేరు ఎక్కుతుంది. బడ్జెటు అంచనాలు పంపే కాలం మనకు తెలియనిదా?

2022లో అలాంటి ఒక కంపెనీకి వెళ్ళాను. యజమాని గారి అమ్మాయి వ్యవహారాలు చూస్తోంది. చిన్న వయసు. నేను మా లెక్కలు విప్పాను. ఏడాదిలో 1,14,000 బిళ్ళలు పంచాం, ఒక్క బిళ్ళ తేడా లేదు, స్టాకు రిజిస్టరు ఇదిగో అన్నాను. ఆ అమ్మాయి అంతా చూసి, "చాలా బాగుంది తాతగారూ. మరి ఇన్ని బిళ్ళలతో ఎంతమందికి బి.పి. అదుపులోకి వచ్చింది?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. 11 ఏళ్ళు వైద్యశాల నడిపి బిళ్ళలు లెక్కపెట్టాం గానీ మనుషుల్ని లెక్కపెట్టలేదు. డాక్టరు గారి చీటీల మీద బి.పి. అంకెలున్నాయి, వాటిని కూడిన వాడు లేడు. "అమ్మా, ఆరు నెలల తరువాత వస్తాను" అని చెప్పి లేచి వచ్చేశాను.

అప్పుడు ఉపయోగపడింది మిత్రుడి కొడుకు నేర్పిన ఆ పట్టిక. కిందటిసారి చూసినప్పుడు 140/90 లోపు ఉన్నవాళ్ళెందరు, పైన ఉన్నవాళ్ళెందరు, అసలు రానివాళ్ళెందరు. మొదటిసారి తీసిన రోజు 160 మందిలో అదుపులో ఉన్నవాళ్ళు 58 మంది. డాక్టరు గారి ముఖం పాలిపోయింది. ఇంత తక్కువ ఉంటుందని ఆయనా అనుకోలేదు. రానివాళ్ళ ఇళ్ళకు నర్సమ్మ వెళ్ళడం మొదలుపెట్టింది. కొందరు ఊరెళ్ళారు, కొందరు తగ్గిపోయిందనుకున్నారు, ఒకాయన అయితే బిళ్ళల వల్ల కాళ్ళు వాస్తున్నాయని మానేశాడు. డాక్టరు గారు ఆయనకు మందు మార్చారు. ఆరు నెలలకు 91 మంది అదుపులోకి వచ్చారు. ఆ కాగితం పట్టుకుని వెళ్ళాను. ఆ అమ్మాయి 91 కన్నా మిగతా 69 గురించి ఎక్కువ ప్రశ్నలు వేసింది. ఒక్కొక్కరికీ కారణం రాసి ఉంది, చూపించాను.

2023 ఏప్రిల్ నుంచి మూడేళ్ళపాటు ఏడాదికి 1,20,000 మంజూరు చేశారు. నర్సమ్మ జీతానికి 1,08,000, పరికరాలకు 12,000. జీతాలకు ఎవరూ ఇవ్వరని అంతకు ముందు పదిమంది చెప్పారు. మంచాలు ఇస్తారు, మిషన్లు ఇస్తారు, వాటి మీద పేరు రాయించుకోవచ్చు. మనిషి మీద పేరు రాయలేరు కదా. నర్సమ్మ ఇళ్ళకు వెళ్ళడం వల్లే అంకె మారిందని కాగితంలో కనపడింది కాబట్టి వీరు ఇచ్చారు. వినియోగ ధృవపత్రం నేను అడగకుండానే మూడు నెలలకొకసారి పంపుతున్నాను. మన పాత 19-ఎ, ఇప్పటి 12-ఎ నమూనాలోనే. అవసరం లేదని వాళ్ళన్నారు. నా తృప్తి నాది.

మధ్యలో ఒక పెద్దమనిషి వచ్చి, 10 లక్షలు చెక్కు ఇప్పిస్తాను, 7 లక్షలు నగదు వెనక్కి ఇచ్చెయ్యండి, 3 లక్షలు మీవే అన్నాడు. 3 లక్షలంటే సరిగ్గా మన ఏడాది ఖర్చు. కాఫీ ఇచ్చి పంపించాం.

రోగుల దగ్గర 20 రూపాయలు తీసుకునే విషయం మీద మన సంఘంలో పెద్ద గొడవే జరిగింది. ధర్మ వైద్యానికి రుసుమా అని ఇద్దరు రాజీనామా దాకా వెళ్ళారు. మదురైలో డాక్టర్ వెంకటస్వామి గారు మనలాగే 58 ఏళ్ళకు ప్రభుత్వ ఉద్యోగంలో రిటైరై, 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. ఇవ్వగలిగినవాళ్ళు ఇచ్చిన ఫీజుతోనే ఇవ్వలేనివాళ్ళకు ఉచితంగా ఆపరేషన్లు చేశారు. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పద్ధతీ అదే. మన సోమవరప్పాడులో పుట్టిన సినిమా నిర్మాత ప్రసాద్ గారు కోటి రూపాయలు, అయిదెకరాల స్థలం ఇచ్చి దానికి పునాది వేశారు. కానీ రోజూ నడిచేది ఆ కోటితో కాదు. ఈ మాట చెప్పి గుమ్మం దగ్గర డబ్బా పెట్టించాను. ఎవరూ అడగరు, ఎవరూ చూడరు. నెలకు 1,800 దాకా పడుతోంది. రాజీనామా ఇచ్చిన ఇద్దరిలో ఒకాయన ఇప్పుడు ఆ డబ్బా తాళం చెవి దగ్గర పెట్టుకుని లెక్క చూస్తున్నారు.

ఇక ఇవాళ్టి లెక్క. 62 మంది సభ్యుల చందా ఏడాదికి 74,400. డబ్బా 21,600. స్ట్రిప్పుల రూపంలో 36,000. కంపెనీ 1,20,000. జయంతులకు, వర్ధంతులకు, మనవల పుట్టినరోజులకు మీరిచ్చేవీ, బియ్యం మిల్లు ఆయన లాంటి ఊరి దాతలు ఇచ్చేవీ కలిపి 48,000. మొత్తం 3 లక్షలు. ఏ ఒక్క దాత వాటా మూడో వంతు దాటకూడదని 2019 తరువాత తీర్మానం చేసుకున్నాం. కంపెనీ వాటా ఇప్పటికీ 40 శాతం ఉంది. అంటే తీర్మానం ఇంకా నెరవేరలేదు. మూడు నెలల ఖర్చుకు సరిపడా 75,000 మాత్రం డిపాజిట్టు వేయగలిగాం.

ఆ కంపెనీ వారి మూడేళ్ళ గడువు వచ్చే మార్చి 31తో తీరుతుంది. మళ్ళీ ఇస్తారో లేదో తెలియదు. అడిగాను, చూద్దాం అన్నారు. 2019లో జూన్ దాటినా చెప్పనివాణ్ణి ఈసారి డిసెంబరులోనే చెబుతున్నాను. మార్చి తరువాత లోటు 1,20,000. ఇంకో రెండు చిన్న కంపెనీలకు అర్జీలు పెట్టాను, జనవరిలో వెళ్ళి కలవాలి. నాతో పాటు ఇంగ్లీషు బాగా మాట్లాడగలిగిన ఒకరు రావాలి. రిటైరైన లెక్చరర్లు ఈ సభలో ముగ్గురు కనపడుతున్నారు. ఆ రెండిటి నుంచి 72,000 అడుగుతున్నాను. మిగిలిన 48,000కు నెలకు 100 ఇచ్చేవాళ్ళు 40 మంది కావాలి. మన సంఘంలో 340 మంది సభ్యులున్నారు. ఇప్పుడు ఇస్తున్నది 62 మంది.

డబ్బు ఇవ్వలేనివారు బుధవారం ఉదయం రెండు గంటలు వచ్చి పట్టికలో అంకెలు రాయగలిగితే అదీ చాలు. నా కళ్ళు మునుపటిలా లేవు. కిందటి నెల 138ని 188గా రాశాను. నర్సమ్మ పట్టుకుంది.

రసీదు పుస్తకం పెట్టుకుని కోశాధికారి గారు వెనక తలుపు దగ్గర కూర్చున్నారు. ఆయన పక్కన ఉన్నవాడే నా మిత్రుడు, 500 రూపాయల దాత. పాన్ నంబరు తప్పకుండా రాయండి, లేకపోతే మేలో నేను మీ ఇళ్ళ చుట్టూ తిరగాలి. అమెరికా పిల్లల సంగతి అడగదలచుకున్నవాళ్ళు పాస్‌పోర్టు ఏ దేశానిదో కనుక్కుని రండి. భోజనాలు ఒంటిగంటకు, అంతదాకా నేను అక్కడే ఉంటాను.